చూసినవాళ్ళకి తాంబూలం

మా యింట్లో కారు లేదు. ఇప్పట్లో కొనే వుద్దేశమూ లేదు. అయినా రోజూ రాత్రి భోజనాలయ్యాక మా నట్టింట్లోకి ఓ కొత్త కారు వచ్చి నిలబడుతుంది. మా వారు పడకకుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు సర్దుకుని, ఫోనులో కార్ల వీడియోలు పెట్టుకుంటారు. ఎవరో ఓ కుర్రాడు "నమస్కారమండీ" అంటూ వస్తాడు. కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. దీపాలు వెలిగించి చూపిస్తాడు. తలుపు తీసి, 'ధబ్' మని వేసి, "విన్నారా ఆ శబ్దం!" అంటాడు. లోపల కూర్చుని, ఎదురుగా వున్న నల్లటి పలకని వేలితో నొక్కి మెత్తగా వుందో, గట్టిగా వుందో చెబుతాడు. డిక్కీలో రెండు సూటుకేసులు పెడతాడు, తీస్తాడు, మళ్ళీ పెడతాడు.

"కొనే ఆలోచన ఏమన్నా వుందా?" అనడిగాను ఒకరోజు.

"కొనేవాడికి చూసే తీరికెక్కడిదీ? కొననివాడే నిదానంగా చూస్తాడు" అన్నారు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పట్టుచీరెల కొట్లో మనం విప్పించి చూసే చీరెలన్నీ కొంటున్నామా ఏమిటి? చూడటం వేరు, కొనటం వేరు.

ఆ కుర్రాడు తలుపు వేసి చెవి వొగ్గి వింటూంటే నాకు మొదట్లో నవ్వొచ్చేది. తరవాత ఆలోచిస్తే, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోగించి చూసేది మనం కాదూ? బెండకాయ కొన విరవకుండా, కొబ్బరికాయ చెవి దగ్గర ఆడించకుండా ఏనాడైనా కొన్నామా? వస్తువుని పరీక్ష చేసే విద్యలో మనం ఎవరికీ తీసిపోము. ఇక ఆ కుర్రాడు కారుని ఎగాదిగా చూసి, "ముందు భాగం కళగా వుంది, వెనక కాస్త తగ్గింది, ఎత్తు సరిపోయింది, రంగు ఇంకొంచెం..." అంటూంటే, పెళ్ళిచూపులు గుర్తుకు రాని ఆడది వుండదు. తేడా అల్లా ఒకటే. కారుకి సిగ్గు వుండదు.

అంతవరకూ ఇదంతా నాకు కాలక్షేపంగానే వుండేది. మొన్న మాఘమాసంలో సూర్యలంక వెళ్ళివచ్చాక మాత్రం ఓ ప్రశ్న నన్ను పట్టుకుంది. వస్తువుని నలుగురికీ చూపించుకోవటం తప్పా? తప్పయితే ఎక్కడ తప్పు? తప్పు కాకపోతే, చూస్తున్నప్పుడు మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకునేదేమిటి?

జరిగింది చెబుతాను.

సముద్రస్నానం చేద్దామని తెనాలిలో రైలెక్కి బాపట్లలో మా చెల్లెలి యింట్లో దిగాం. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రం అయినప్పటినించీ మా చెల్లెలు కాస్త తల ఎత్తి మాట్లాడుతోంది లెండి. అక్కణ్ణించి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. మర్నాడు తెల్లవారుజామునే ఆటో కట్టించుకుని అందరం బయల్దేరాం. సరుగుడు తోటలు దాటి ఇసుకలోకి దిగేటప్పటికి తూర్పున ఎరుపు రేఖ కనబడుతోంది.

జనం పెద్దగా లేరు. మాకు కొంచెం దూరంలో, నీళ్ళ అంచున, తడి ఇసుక మీద ఓ తెల్లటి కారు. దాన్ని నడిపేవాడికి ముప్ఫై ఏళ్ళుంటాయి. అతని స్నేహితుడు కాబోలు, కర్రకి బిగించిన ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. కారు అలల్ని చిమ్ముకుంటూ అటు వెళ్ళింది, ఇటు వచ్చింది. "సూర్యుడు సరిగ్గా పడలేదు, ఇంకోసారి" అన్నాడు స్నేహితుడు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. అల్లా అయిదారు సార్లు.

ఆ పక్కనే ఓ అమ్మాయి నిలబడి వుంది. చంకలో ఏడాది పిల్లవాడు, చేతిలో మగవాళ్ళ చెప్పులు. "కొంచెం అవతలికి జరుగు, వీడియోలో పడుతున్నావు" అన్నాడు కారులోంచి ఆమె భర్త. విసుక్కోలేదు, కసరలేదు. మామూలుగానే అన్నాడు. ఆమె మామూలుగానే జరిగి, మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"కొత్త కారా అమ్మా?" అన్నాను.

"అవునాంటీ. వచ్చి నెల కాలేదు. ఆయనకి చిన్నప్పట్నించీ కార్లంటే ప్రాణం. ఇల్లా వీడియోలు తీసి పెడుతూంటారు. జనం బాగానే చూస్తారు" అంది. గొంతులో గర్వమే వుంది. కాసేపు ఆగి, పిల్లవాడి మొహం మీద ఇసుక తుడుస్తూ, "ముందు కట్టిన డబ్బులో నా నానుతాడు కూడా వుంది లెండి. మిగిలింది ఏడేళ్ళు నెలనెలా కట్టాలి. అవేవీ వీడియోలో కనపడవుగా!" అని నవ్వింది.

ఏడుస్తూ అనివుంటే జాలిపడి అక్కడితో మరిచిపోయేదాన్నేమో. నవ్వుతూ అనేటప్పటికి ఆ మాట నాతో పాటు రైలెక్కి తెనాలి వచ్చేసింది.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అంది మా చెల్లెలు, వాళ్ళు అవతలికి వెళ్ళాక. సామెతకేం, చెప్పటం సులువు. దాంతో తీర్పు అయిపోయినట్టూ వుంటుంది. కాని నాకెందుకో అది అన్యాయం అనిపించింది. ఇష్టపడి కొనుక్కున్న వస్తువుని నలుగురికీ చూపించుకోవటమే తప్పయితే, మనలో తప్పు చెయ్యని వాళ్ళెవరు? పలకమీద బొమ్మ గీసిన పిల్లవాడు ముందు చేసే పని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి అమ్మకి చూపించటం. కొత్త చీరె కట్టుకుని పక్కింటి గడప దాకా అయినా వెళ్ళకుండా వుండగలమా? ఎవరూ చూడని సంతోషం సగం సంతోషమే. ఇది మనిషి పుట్టుకలో వున్న గుణం. తప్పు దాన్లో లేదు.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతాం కదా. అది మాత్రం ఏమిటి? మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, కొండపల్లి బొమ్మలూ, ఏటికొప్పాక లక్క పిడతలూ, నాయనమ్మనాటి పింగాణీ బొమ్మలూ వరసగా పేర్చి, వాడ వాడంతా పిలిచి మరీ చూపిస్తాం. "ఈ యేడు కొత్తవి ఎన్ని కొన్నారు?" అని అడిగించుకుంటాం. దాన్లో గొప్ప లేదని ఎవరనగలరు? అయినా బొమ్మల కొలువు చూసి వచ్చినవాళ్ళు మనసు చిన్నబుచ్చుకుని ఇంటికి వెళ్ళినట్టు నేను చూడలేదు. ఎందుకని? వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి, గుప్పెడు శనగలు, రెండు తమలపాకులు, ఓ పండు చేతిలో పెట్టి పంపిస్తాం గనక. చూసిన మనిషి వొట్టి చేతులతో గడప దాటకూడదని మన పెద్దవాళ్ళు ఓ కట్టుబాటు పెట్టారు. వాళ్ళు ఎంత ఆలోచించి పెట్టారో నాకు తెలియదు గాని, దాన్లో పెద్ద ధర్మమే వుంది.

వూళ్ళో రథోత్సవం సంగతి మాత్రం ఏమిటి? రథం కూడా బండే. పూలూ, గొడుగులూ, గంటలూ కట్టి సింగారించి, వీధివీధినా తిప్పి చూపించే బండి. అంతకంటే ఆర్భాటం ఇంకేం వుంటుంది? కాని దానికి పొడుగాటి మోకు వుంటుంది. చూడటానికి వచ్చినవాడు ఆ మోకు మీద చెయ్యి వేస్తాడు. దాంతో ఆ రథం వాడిది కూడా అవుతుంది.

అంచేత చూపించటమా, మానటమా అన్నది కాదు ప్రశ్న. చూసినవాడి చేతిలో చివరికి ఏం మిగిల్చాం అన్నది ప్రశ్న. ఇది నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు. ఓ చిన్నపిల్ల నేర్పిన పాఠం. ఈ సంగతి నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్పేస్తాను.

మా పెళ్ళయిన కొత్తలో మా వీధి మొత్తానికి మొదటి ఫ్రిజ్జు మా యింటికే వచ్చింది. అప్పట్లో ఫ్రిజ్జుని వంటింట్లో పెట్టేవాళ్ళం కాదు. ముందుగదిలో, వీధిలోంచి కనబడేట్టు పెట్టి, దాని నెత్తిన అల్లిక గుడ్డ పరిచి, ప్లాస్టిక్ పూలగుత్తి పెట్టేవాళ్ళం. వేసవి వచ్చింది. పక్కవాటాలో వుండేవాళ్ళ ఏడేళ్ళ పిల్ల రోజూ మధ్యాహ్నం స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చి, "అత్తయ్యగారూ, ఐసుముక్క" అనేది. ఇచ్చేదాన్ని. ఇవ్వటం నాకు గొప్పగానే వుండేది. ఓరోజు మా పుట్టింటివాళ్ళు వచ్చి ముందుగదిలో కూర్చుని వున్నారు. ఆ పిల్ల వచ్చింది. నాకు ఏం బుద్ధి పుట్టిందో, "మాటిమాటికీ తలుపు తీస్తే పాడైపోతుందమ్మా, బోలెడు ఖరీదైంది" అన్నాను. అందరూ వినేట్టు అన్నాను. ఖరీదు మాట వాళ్ళ కోసం, మిగతాది ఆ పిల్ల కోసం. ఆ పిల్ల గ్లాసు వీపు వెనక దాచుకుంది. ఏమీ అనలేదు. మళ్ళీ రాలేదు.

ఫ్రిజ్జు అదే, తలుపు అదే, చూసిన పిల్ల అదే. నిన్నటిదాకా ఆ పిల్ల చేతిలో ఐసుముక్క వుంది. ఆరోజు నించీ ఆ పిల్ల చేతిలో 'మాకు లేదు' అన్న మాట వుంది. చూపించటానికీ, చూపించి పొడవటానికీ మధ్య వున్నది ఆ ఒక్క మాట దూరమే.

ఈ కొలకర్ర పట్టుకుని మా వారి ఫోనులోకి తొంగిచూడటం మొదలుపెట్టాను. అన్నీ ఒక్క రకానివి కావని అప్పుడు తెలిసింది.

ఈ వీడియోల అవసరం ఎల్లా వచ్చిందో ముందు చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు కారంటే అంబాసిడరు, లేకపోతే ఫియట్టు. మూడో పేరు చెప్పమంటే మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఆ రోజుల్లో ఏ కారు మంచిదని ఎవరూ అడగలేదు, ఏది ముందు వస్తుందనే అడిగేవాళ్ళు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో మొదటి మారుతి 800 తాళాలు, చీటీ తగిలిన ఆసామీ చేతికి ఇందిరాగాంధీ అందించారు. 1991 తరవాత బయటి కంపెనీలకి తలుపులు తెరుచుకున్నాయి. 1998లో ఒకే ఏడాది శాంత్రో, ఇండికా రెండూ వచ్చాయి. అంబాసిడరు 2014లో ఆగిపోయింది. 2019 డిసెంబరులో మన పెనుకొండ దగ్గరే కియా కంపెనీ కర్మాగారం ప్రారంభం అయింది. వేరుశనగ పండే నేలమీద కార్లు బారులు తీరి కూర్చున్నాయి. ఎంచుకోవటానికి ఏమీ లేనప్పుడు సలహా అక్కర్లేదు. డజన్ల కొద్దీ రకాలు వచ్చి, ఒక్కోదాంట్లో మళ్ళీ అయిదారు తరగతులు వచ్చాక, జీవితంలో ఒకటి రెండుసార్లు కారు కొనే సంసారికి చెప్పేవాడు కావలసి వచ్చాడు.

చెప్పటంలోనూ రెండు దోవలున్నాయి. ఇంగ్లండులో బి.బి.సి. వాళ్ళు 1977లో 'టాప్ గేర్' అని కార్ల కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పట్లో అది బుద్ధిగా పాఠం చెప్పినట్టు వుండేది. ఏ కారు ఎల్లా నడుస్తుంది, రోడ్డు మీద ఎల్లా జాగ్రత్తగా వుండాలి, ఇల్లాంటివి. 2002లో దాన్ని కొత్తగా మార్చి తీశారు. పాఠం కాస్తా తమాషా అయింది. వేగాలూ, పందాలూ, పొగలూ, పరిహాసాలూ. లోకమంతా విరగబడి చూసింది. 2005లో యూట్యూబు వచ్చాక ఎవరి చేతిలో కెమేరా వుంటే వాళ్ళదే ఆ కార్యక్రమం. ఇవాళ తెలుగులో వచ్చే కార్ల వీడియోల్లోనూ ఆ రెండు దోవలూ కనబడతాయి. పాఠం చెప్పేవి కొన్ని, తమాషా చూపించేవి కొన్ని.

పాఠం చెప్పేవాటికి నేను దణ్ణం పెడతాను. ఓ వీడియోలో ఒకాయన వాళ్ళ అమ్మగారిని తీసుకొచ్చి, చీరె కట్టుకున్న మనిషి మోకాళ్ళ నొప్పులతో వెనక సీట్లోకి ఎల్లా ఎక్కుతుందో, ఎల్లా దిగుతుందో చూపించాడు. మూడు కార్లలో ఎక్కించి, దింపి, "అమ్మా, ఏది సుఖంగా వుంది?" అనడిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతి ఇల్లాలికీ అది గుప్పెడు శనగలు పెట్టి పంపినట్టే.

ఇంకో వీడియో చూసి నాకు కొంచెం భయం వేసింది, మంచి భయమే. కార్లని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుగోడకి గుద్దించి, లోపల బొమ్మలని కూర్చోబెట్టి, ఎవరికి ఎంత దెబ్బ తగులుతుందో చూస్తారట. మన దేశంలో 'భారత్ ఎన్‌క్యాప్' పేరుతో 2023 అక్టోబరు 1 నించి ఈ పరీక్షలు అమలులోకి వచ్చాయి. పెద్దవాళ్ళ రక్షణకి వేరే, పిల్లల రక్షణకి వేరే నక్షత్రాలు ఇస్తారు. అయితే లోకంలో ఈ పరీక్షలకి ఏళ్ళ తరబడి కూర్చోబెట్టిన ముఖ్యమైన బొమ్మ సుమారు 78 కిలోల మగమనిషి బొమ్మ. 2019లో అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రమాదాల లెక్కలు తిరగేశారు. బెల్టు పెట్టుకున్నవాళ్ళలోనే, ఎదురుగా గుద్దుకున్న ప్రమాదాల్లో, ఆడవాళ్ళకి తీవ్రమైన గాయాలు తగిలే అవకాశం మగవాళ్ళకంటే 73 శాతం ఎక్కువని తేలింది. కారు వీడియోలోనే కాదు, కారు పరీక్షలో కూడా "కొంచెం అవతలికి జరుగు" అన్నారన్నమాట మనల్ని.

వెనక సీటు సంగతి సరేసరి. మన ఇళ్ళలో వెనక సీటు ఆడవాళ్ళదీ, పిల్లలదీ. అక్కడ బెల్టు ఎందుకులే అనుకుంటాం. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో కారు ప్రమాదంలో పోయిన పెద్ద వ్యాపారవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లోనే కూర్చున్నారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఈ వీడియో చూసిన రాత్రి నాకు సూర్యలంక అమ్మాయే గుర్తొచ్చింది. ఆరోజు పిల్లవాణ్ణి వొళ్ళో కూర్చోబెట్టుకుని వెనక సీట్లో ఎక్కి వెళ్ళింది. నాకీ సంగతి ముందే తెలిసివుంటే, "నానుతాడు పోతే పోయింది గాని, వెనక బెల్టు పెట్టుకోవే తల్లీ, పిల్లవాడికి వాడి సీటు వాడికి పెట్టించు" అని చెప్పేదాన్ని.

ఇక తమాషా చూపించే రకం. వాటిల్లో తలుపు శబ్దం వుంటుంది గాని, ఆ తలుపు ప్రమాదంలో ఏమవుతుందో వుండదు. కప్పులోంచి కనబడే ఆకాశం వుంటుంది గాని, ఆ కప్పుకి ఎంత ఎక్కువ కట్టాలో హడావిడిగా దాటిపోతుంది. "రోడ్డు మీద మీరు వెళ్తూంటే అందరూ తిరిగి చూస్తారు" అని మాత్రం పదిసార్లు చెబుతారు. ఆ మాట వింటూంటే నాకు వీపు వెనక గ్లాసు దాచుకున్న పిల్ల కనబడుతుంది. ఎందుకంటే, తిరిగి చూసేవాళ్ళు లేకపోతే ఆ కారుకి ఆ విలువ లేదు. అంటే మన సంతోషానికి పక్కవాడి లేమి పెట్టుబడిగా కావాలన్నమాట.

ఇంకో చిక్కు కూడా వుంది. కొత్త కారు విడుదల అవుతుందంటే కంపెనీవాళ్ళే వీడియోలవాళ్ళని పిలిచి, విమానం ఎక్కించి, మంచి హోటల్లో దింపి, కారు తాళాలు చేతికిస్తారు. పెళ్ళివారి విడిదింట్లో విందు భోంచేసి వచ్చి, పప్పులో వుప్పు తక్కువైందని వీధిలో చెప్పగలమా? చెప్పగలిగినవాళ్ళు వుంటారు, కాదనను. కాని భోంచేసి వచ్చానని ముందే చెబితే వినేవాళ్ళం మన జాగ్రత్తలో మనం వుంటాం. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఆ మాటే చెప్పింది. డబ్బే కాదు, బహుమతులూ, ప్రయాణాలూ, హోటలు బసా ఏది పుచ్చుకున్నా, ఆ సంగతి చూసేవాళ్ళకి స్పష్టంగా, వీడియో ఏ భాషలో వుంటే ఆ భాషలోనే చెప్పాలన్నారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వెయ్యవచ్చు. అమెరికాలో 1936 నించీ 'కన్స్యూమర్ రిపోర్ట్స్' అని ఓ సంస్థ వుంది. వాళ్ళు పరీక్షించి మార్కులు వేసే కార్లని మామూలు ఖాతాదారుల్లా వెళ్ళి, సొంత డబ్బుతో కొంటారు. కంపెనీల ప్రకటనలు పుచ్చుకోరు. ఎవరి వుప్పూ తినకపోతే ఎవరి వంటనైనా రుచి చెప్పవచ్చు కదా.

మరి మన సూర్యలంక కుర్రాడు ఏ రకం? అతను ఎవరి వుప్పూ తినలేదు పాపం. తన కారు, తన అప్పు, తన సంబరం. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అతను చూసేవాళ్ళకి ఏం మిగిల్చాడు? దీనికి జవాబు ఆ ఇసుకలోనే దొరికింది. ఆ తరవాత జరిగింది కూడా చెబుతాను.

పొద్దెక్కుతూంటే తీరం వెంబడి ఓ మధ్యవయసు మనిషి వచ్చాడు. అటవీశాఖ తరఫున తాబేలు గుడ్లు కాసే మనిషి. అతను కారు దగ్గర ఆగి, నెమ్మదిగా, "బాబూ, బండి పైకి తియ్యండి. ఇది తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం" అన్నాడు. కుర్రాడు కంగారుపడ్డాడు. "తెలియదండీ" అని వెంటనే కారు పైకి తీసుకుపోయాడు. వాదన ఏమీ జరగలేదు. కారు వెళ్ళిపోయింది గాని చక్రాల గాళ్ళు అల్లాగే వుండిపోయాయి. మొదట సరుగుడు చెట్ల నించి నీళ్ళ దాకా దిగిన గాళ్ళు, తిరిగి పైకి ఎక్కిన గాళ్ళు. పొడి ఇసుకలో జానెడు లోతున.

మేం అడిగితే ఆ మనిషి చెప్పాడు. సముద్రంలో తిరిగే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ కాలంలో రాత్రివేళ ఒడ్డుకి వస్తాయి. ఆడ తాబేలు వెనక కాళ్ళతో మూరెడు గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్ళిపోతుంది. తన పిల్లల్ని అది కళ్ళతో చూసుకోదు. దొరికిన గుడ్లని అటవీశాఖవాళ్ళు ఏరి, కంచె కట్టిన చోట మళ్ళీ పాతిపెట్టి కాస్తారు. నలభై అయిదు నించి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రెండంగుళాలు కూడా వుండవు. పుట్టగానే నీళ్ళ మీది వెలుతురు చూసుకుంటూ సముద్రం వైపు పాకుతాయి. కారు దీపాలు కనబడితే అదే సముద్రం అనుకుని అటు పోతాయి. బతికి పెద్దదయ్యేది వెయ్యింటికి ఒకటని అంచనా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వీటిని మొదటి షెడ్యూలులో పెట్టి కాపాడుతున్నారు.

"మనిషికి ఈ గాడి లెక్కలేదమ్మా" అన్నాడు అతను, చక్రం గుర్తు చూపిస్తూ. "కంచెలోకి చేరని గుళ్ళు కూడా వుంటాయిగా. ఆ పిల్లలకి ఇది పెద్ద కాలవ. దీన్లో పడితే ఎక్కలేవు. దీని వెంబడే పోతాయి, నీళ్ళవైపు కాదు, గాడి ఎటుంటే అటు. ఎండెక్కేదాకా తిరిగి తిరిగి చచ్చిపోతాయి."

చెబుతూనే పార తిరగేసి గాడిని పూడ్చటం మొదలుపెట్టాడు.

"రేపు ఇంకో కారు వస్తుందిగా?" అన్నారు మా వారు.

"రేపూ పూడుస్తాను" అన్నాడు.

తోలినవాడికి అది గొప్ప దృశ్యం. చూసినవాళ్ళకి ఓ నిమిషం కన్నులపండుగ. మధ్యలో ఇసుకలో ఏం మిగిలిందో, దాన్లో ఎవరు పడతారో ఫోనులో కనబడదు. ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. ఫ్రిజ్జు తలుపు మీద చెయ్యి వేసి ఆ మాట అన్ననాడు నేనూ చెడ్డదాన్ని కాను. చూపించుకునే సంబరంలో వున్నప్పుడు మన కాళ్ళ కింద ఎవరున్నారో మనకి కనబడదు. అందుకే మన సంబరానికి కట్టుబాటు కావలసి వచ్చింది. తాంబూలం అల్లాంటి కట్టుబాటే. ఎదుటి మనిషి చేతిలో ఓ పండు పెట్టాలంటే ఒక్క క్షణం ఆ మనిషి వైపు తిరగాలి, ఆ చేతిని చూడాలి. అంతసేపూ మన బొమ్మల మీదనించి మన కళ్ళు పక్కకి వస్తాయి.

ఇప్పుడు మన చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మనం కార్లు చూపించకపోవచ్చు. కొత్త ఇల్లు చూపిస్తాం, పిల్లల మార్కులు చూపిస్తాం, ఫారిన్‌లో మనవడి పుట్టినరోజు చూపిస్తాం. చూపిద్దాం, తప్పేముంది? కాని పంపే ముందు ఒక్కసారి అడుగుదాం. ఇది చూసి ఎదుటి మనిషి కాస్త నవ్వుతుందా, కాస్త తెలుసుకుంటుందా, లేకపోతే గ్లాసు వెనక్కి దాచుకుంటుందా అని.

మొన్న రాత్రి మా వారు మళ్ళీ ఏదో కారు చూస్తున్నారు. "ఇదెల్లా వుంది?" అన్నారు నాకు చూపిస్తూ.

"వెనక సీట్లో బెల్టులు ఎన్ని వున్నాయో చెప్పాడా?" అన్నాను.

ఆయన వీడియో వెనక్కి తిప్పి చూశారు. చెప్పలేదు.

నేను లేచి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళాను. ఇప్పటిది వంటింట్లోనే వుంది, ఎవరూ చూడరు. ఆ ఏడేళ్ళ పిల్లకి ఇప్పుడు యాభై దగ్గర పడుతూ వుంటాయి. వాళ్ళింట్లోనూ ఫ్రిజ్జు వుండేవుంటుంది, కారు కూడా వుందేమో. అయినా తలుపు తీసినప్పుడల్లా నా చెయ్యి ఓ క్షణం ఐసు అర దగ్గర ఆగుతుంది.